రేకుల సాయిబు, తలూపే హెలికాప్టరు

రేకుల సాయిబు పోయినాడని మా పాళేనికి కబురొచ్చినప్పుడు నేను కోళ్ళ గంప మీద మూత తీస్తా ఉండాను. ఆ మూత కూడా ఆయన చేసిందే. చేసింది మాత్రం కోళ్ళ గంప కోసం కాదు. పడవ కోసం చేసిన రేకు నా ఇంట్లో కోళ్ళ మీదకి ఎందుకెక్కిందో చెప్పాలంటే ఆయన గురించి చెప్పాల. పుట్టుక నించి చెప్పమంటే నాకు తెలీదు. నేను చూసిన మనిషిని చెప్తాను.

పోయినోళ్ళ గురించి మంచే మాట్లాడాలంట. మాట్లాడుకోండి, నేనొద్దన్నానా? "చీమకి కూడా అపకారం చెయ్యని మనిషి" అని పొద్దుట్నించీ పాళెమంతా ఒకటే మాట. నేను మాత్రం వంత పాడలేను. ఆయన మంచోడే. మంచోడు కాబట్టే నాకీ మంట. చెడ్డోడైతే నాలుగు తిట్టి పడుకుందును గదా.

ఆయన కాపరం బస్సెక్కి పోవాల్సిన ఊళ్ళో, పని మాత్రం మా కాడ. మా పాళెం మొదట్లో, తారు రోడ్డు దిగి ఇసకలోకి వచ్చే చోట ఆయన పాక. దాంట్లో రేకులు, కత్తెర, కొయ్య సుత్తి, బొగ్గుల కుంపటి. మా పడవల ఐసు పెట్టెలకి లోపల రేకు కొట్టేది, చిల్లుపడిన డీజిలు డబ్బాలకి మాటేసేది ఆయనే. పాక గోడకి పల్చటి రేకొకటి ఎప్పుడూ ఆనించి పెట్టేవాడు. దాన్ని ఎవరికీ ఇచ్చేవాడు కాదు. ఎవరన్నా అడిగితే, "అది నా చెవి. నా చెవి కోసి నీకిచ్చేదా?" అనేవాడు. హెలికాప్టరు ఎక్కడో దూరాన ఉండంగానే, మన చెవికి ఇంకా అందక ముందే, ఆ రేకు జిల్లుమని వణికేది. అది వణికిందంటే చేతిలో ఉన్నది ఉన్నట్టే వదిలేసేవాడు. సీసం కారిపోనీ, డబ్బా కాలిపోనీ, ఆయనకి పట్టదు. లుంగీ ఎగ్గట్టుకోని ఇసకలోకొచ్చి, కుడి చెయ్యి కనుబొమల మీద పెట్టుకోని, ఎడం చెయ్యి మా వైపు చాపి "ఉష్" అనేవాడు. నెత్తిన చేపల గంపలున్నోళ్ళం కూడా ఆగాల్సిందే. నీళ్ళు కారి మా మెడలు తడిసిపోతా ఉండేవి.

"ఇది చందువా" అనేవాడు చెవి రిక్కించి. లేకపోతే, "ఇది వంజరం. పోండి పోండి, చూసేదేం లేదు."

ఆయనకి వాటి అసలు పేర్లు తెలీక కాదు. పేపర్లో కత్తిరించిన బొమ్మలు పాక నిండా ఉండేవి, దేన్ని చూపించినా గడగడా చెప్పేవాడు. మాకోసం చేపల పేర్లు పెట్టినాడు. ముందంతా గుండ్రటి గాజు, వెనక సన్నటి తోక ఉండే పాతకాలపు హెలికాప్టరు చందువా. రెక్క నెత్తిన పెట్టుకోని గీత గీసినట్టు పోయే రెండింజన్ల విమానం వంజరం. ఈ మధ్య వచ్చిన లావుపాటి హెలికాప్టరు కప్పచేప. అవి ఎవరివో, ఎక్కడ్నించి వస్తాయో మాకు పట్టేది కాదు. సాయిబుకి కూడా పట్టేది కాదు. "చేప ఏ సంద్రంలో పుట్టిందని అడిగి కొంటారా ఎవరన్నా?" అనేవాడు.

ఒకసారి నాకు కోపం వచ్చింది. బుచ్చిరెడ్డిపాళెం సంతకి పోయే బస్సు తప్పిపోయింది ఈయన "ఉష్" వల్ల. గంప దించి ఆయన్ని కడిగేసినాను.

"ఏముంది సాయిబన్నా దాంట్లో? ఇనప తూనీగ. గరగరమని అరుస్తా పోతుంది. ఇంత వయసొచ్చి నోరు తెరుచుకోని చూస్తావే, సిగ్గు లేదా?"

"ఇనుమా?" అన్నాడు, నేనేదో బూతు మాట అన్నట్టు. "అది ఇనుం కాదు పాపా. అల్యూమినియం రేకు. నేను కొట్టే రేకుకి చిన్నమ్మ కూతురు. ఇట్రా."

పాకలోకి పిలిచి ఒక రేకు ముక్క నా చేతికిచ్చినాడు. "వంచు." వంచినాను. "ఇంతే. ఇది ఎవడైనా వంచుతాడు, పొయ్యి గొట్టమైద్ది. ఇప్పుడు అడ్డంగా కూడా వంచు." వంచబోతే మధ్యలో ముడత పడి విరిగినట్టయ్యింది. సంతోషంతో తొడ కొట్టుకున్నాడు. "చూసినావా? రేకుకి పొగరు. ఒక పక్కకే వంగుతానంటది. రెండు పక్కలకీ వంగాలంటే దాన్ని కొట్టి కొట్టి, బతిమాలి బతిమాలి దారికి తెచ్చుకోవాల. ఆ చందువాకి తోక మొదలయ్యే కాడ చూడు. అటూ వంగింది, ఇటూ వంగింది, ఒక్క ముడత లేదు. ఎక్కడో నాలాంటోడు ఒకడు వారం రోజులు దాని ముందు కూర్చోని బతిమాలి ఉంటాడు. నేను చూసేది వాణ్ణి."

ఆ రోజు నించి నేను కూడా చూడటం మొదలుపెట్టినాను. ఒప్పుకోడానికి నామోషీగా ఉంటుంది గానీ, నాకూ నచ్చేది. ఏటవాలు ఎండలో దాని ఒంటి మీద మేకుల వరస కుట్టు వేసినట్టు మెరిసేది. "మెరుపు తెగకుండా పోవాల" అనేవాడు సాయిబు. "తెగిందంటే ఆడ ఎప్పుడో దెబ్బ తగిలింది, ఎవడో మాటేసినాడు." ఇంకో మాట కూడా అనేవాడు. చందువాకి ఇంజను మూత లేకుండా వీపు మీద బయటికే కనపడుద్దంట. "దాపరికం లేదు దానికి. పేగులు కూడా బయటే. అందుకే అది అందగత్తె. కప్పచేపకి అన్నీ లోపలే, ఏం చేస్తా ఉందో చెప్పదు." దాపరికం లేదని మెచ్చుకున్న ఆ నోరు గుర్తొస్తే ఇప్పుడు నా ఒళ్ళు మండుద్ది.

శ్రీహరికోటలో రాకెట్టు లేచే రోజు పాళెమంతా గట్టు మీదకి చేరి చప్పట్లు కొడతా ఉంటే, ఈయన వీపు తిప్పుకోని డబ్బాకి మాటేసుకునేవాడు. "నిప్పు పెడితే ఏదైనా పోతుంది. పోయేదాంట్లో ఏముందబ్బా? నిలబడేదాంట్లో ఉంది. ఏం ఆధారం లేకుండా, గాల్లో, ఒక మనిషి నెత్తి మీద కదలకుండా నిలబడమను. అప్పుడు మొక్కుతాను."

ఆ నిలబడటం ఆయన చూసినాడు. వయసులో ఉండంగా ఒక వాయుగుండానికి ఊరు మునిగితే, ఈయన మసీదు పైకప్పు మీద రెండు రోజులు చిక్కుకున్నాడంట. హెలికాప్టరు వచ్చి నెత్తి మీద నిలబడి పొట్లాలు వేసిందంట. ఆ పొట్లంలో ఏముందో మాత్రం చెప్పినప్పుడల్లా మారేది. ఒకసారి చపాతీలు, ఒకసారి పులిహోర, ఒకసారి మరమరాలు, బెల్లం. "ఆకలి మీద ఉన్నోడికి ఏదైనా బిరియానీయే, పోనీ పాపా" అని నవ్వేవాడు. ఒక్క ముక్క మాత్రం ఎన్నడూ మారలేదు. ఈయన తలకున్న తువ్వాలు తీసి గిరగిరా తిప్పినాడంట. అది ముందుకి వంగి తలూపిందంట. అప్పుడు పోయిందంట.

ఆ తలూపడాన్ని అరచేత్తో చూపించేవాడు. చెయ్యి బల్లపరుపుగా పెట్టి, వేళ్ళు నిదానంగా కిందకి వంచి, అట్టనే ముందుకి జరిపేవాడు. "సలాం ఆలేకుం అంటే వాలేకుం సలాం అన్నట్టు" అనేవాడు.

ఆ పిచ్చి అందరికీ అంటుకుంది. మొగ దగ్గర, అంటే ఏరొచ్చి సంద్రంలో కలిసే చోట, హెలికాప్టరు ఎప్పుడన్నా వచ్చి ఆగేది. సాయిబు ఎర్ర గళ్ళ తువ్వాలు తీసి నెత్తి మీద తిప్పేవాడు. వెనక మేమంతా. పైటలు, లుంగీలు, ఏది దొరికితే అది. సంద్రంలో ఉన్నోళ్ళు తెడ్డుకి గుడ్డ కట్టి తిప్పేవాళ్ళు. అది కాసేపు నిలబడేది. తలూపేది. పోయేది. ఇంటికొచ్చి, "మాకు తలూపింది" అంటే "మీకు కాదు, మాకు" అని పోట్లాటలు. సిగ్గుమాలిన ముచ్చటే గానీ, రోజూ ఉప్పునీళ్ళల్లో నానే బతుకులకి పైనించి ఒకరు చూసి తలూపినారంటే, ఏమో, పొద్దంతా బాగుండేది.

మా తమ్ముడి పెళ్ళినాడు అయితే చెప్పనక్కర్లేదు. గంగమ్మకి మొక్కడానికి పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ ఒడ్డుకి తీసకపోతా ఉండాం. సరిగ్గా అప్పుడే చందువా వచ్చింది. మేళం ఆగిపోయింది. తమ్ముడు తలపాగా ఊడదీసి తిప్పినాడు, వాడి పెళ్ళాం మొహం కప్పుకోని నవ్వింది. హెలికాప్టరు నిలబడింది, తలూపింది, పోయింది. సాయిబు వచ్చి వాడి భుజం మీద చెయ్యేసి, "చూసినావంట్రా, అక్షింతలేసి పోయింది నీకు!" అన్నాడు. పాళెమంతా ఈలలు. నా తమ్ముడి మొహం ఆ పొద్దు ఎట్టుండిందో నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టు ఉండాది.

నేను చెప్పాల్సింది ఇంకో పొద్దు గురించి.

పెళ్ళైన రెండో ఏడు. తమ్ముడు, మా పెద్దమ్మ కొడుకు పోలయ్య, ఇంకో ఇద్దరు, ఫైబర్ పడవ మీద పోయినారు. రెండ్రోజుల వేట. రెండో రోజు ఇంజను ఆగిపోయింది. ఎంత లాగినా పలకలేదంట. పడవ తూర్పుకి కొట్టుకోని పోతా ఉండాది. వాళ్ళు తిరిగొచ్చే పొద్దు ఇంకా దాటలేదు కాబట్టి ఒడ్డున మాకెవరికీ అనుమానమే లేదు. మూడో రోజు ఉదయం పోలయ్యకి చప్పుడు వినిపించింది. చందువా. నెత్తి మీదకి కాదు గానీ, కనపడేంత దగ్గరకే వచ్చి నిలబడిందంట. నలుగురూ లేచి తువ్వాళ్ళు తిప్పినారు. మాకు అలవాటైన తిప్పుడే. అది కాసేపు ఉండింది. తలూపింది. పోయింది.

ఇక్కడ ఏం జరిగిందో జాగర్తగా వినండి. మా పాళెం వాళ్ళు తప్ప లోకంలో ఇంకెవరూ చెయ్యని తప్పు ఇది. వాళ్ళు కూర్చున్నారు. "చూసినారు, తలూపినారు గదా, ఎవర్నో ఒకర్ని పంపిస్తారులే" అని కూర్చున్నారు. నా తమ్ముడైతే ఉన్న కాస్త మంచినీళ్ళు అందరికీ పంచినాడంట, ఇంక దాచేదెందుకని. మధ్యాన్నం దూరంగా పెద్ద బోటు ఒకటి పోయిందంట. పోలయ్య లేచి అరవబోతే తమ్ముడే ఆపినాడు. "కూర్చోరా, గొంతు పోగొట్టుకోబాక. మనోళ్ళు వస్తా ఉండారు గదా."

ఎవరూ రాలేదు. సాయంత్రం గాలి లేచింది. పడవ తిరగబడింది. తెల్లారినాక తమిళోళ్ళ బోటు ఒకటి పోలయ్యనీ ఇంకొకణ్ణీ ఎక్కించుకుంది. నా తమ్ముడు దొరకలేదు. నాలుగో వాడూ దొరకలేదు.

పోలయ్య ఈ మాటలు చెప్పి నా కాళ్ళ మీద పడి ఏడ్చినప్పుడు, నాకు వాడి మీద కోపం రాలేదు. నేరుగా సాయిబు పాకకి పోయినాను. చెప్పులు లేవు, జుట్టు ముడి లేదు. ఆయన అప్పుడే తెలుసుకోని లేచి నిలబడినాడు. పాళెమంతా చూస్తా ఉండంగా అన్నాను.

"నీ సలాములే నా తమ్ముణ్ణి ముంచినాయి. నువ్వు నేర్పిన తలూపుడు నమ్మబట్టే వాడు నోరు మూసుకోని కూర్చున్నాడు. నీ చేతులు పడిపోనూ!"

నలుగురొచ్చి నన్ను పట్టుకున్నారు. "అదేం మాటే, ఆయనేం చేస్తాడే" అన్నారు. సాయిబు తువ్వాలు మెడలో నించి తీసి, మడిచి, కుంపట్లో పెట్టినాడు. కాలిపోయేదాకా దాన్నే చూస్తా నిలబడినాడు.

పదో రోజుకి కాపులు కూర్చున్నారు. మా పాళెం పెద్దల్ని కాపులంటాం. వాళ్ళు కట్టిన కట్టుబాటు దురాయి. దురాయి పడిందంటే కోర్టు మాట కన్నా ఎక్కువ మాకు. ఇకమీదట హెలికాప్టరుకి ఎవరూ, ఒడ్డు మీద గానీ నీళ్ళ మీద గానీ, ఊరికే చెయ్యెత్తకూడదు. ఎత్తితే తప్పు కట్టాల. ఆనాటి నించి ఏడేళ్ళు మా పాళెంలో ఒక్క చెయ్యి లేవలేదు. హెలికాప్టరు వస్తే జనం చేతులు కట్టుకోని నేల చూసేవాళ్ళు.

సాయిబు అయితే ఆకాశమే చూడ్డం మానేసినాడు. గోడకున్న రేకు తీసేసినాడు. చప్పుడొస్తే సుత్తి ఇంకా గట్టిగా కొట్టేవాడు, వినపడకుండా. ఆ గోడ మీద రేకు ఉన్నంత మేర సున్నం తెల్లగా ఉండిపోయింది. నేను ఆ దారినే పోతా వస్తా చూసేదాన్ని. పలకరించేదాన్ని కాదు.

తర్వాత ఒక పని మొదలుపెట్టినాడు. జానెడున్నర గుండ్రటి పళ్ళేలు. ఒక పక్క అద్దంలాగా మెరుగు పట్టినాడు, ఇంకో పక్క నారింజ రంగేసినాడు, నడిమధ్య గురి చూసుకోడానికి చిన్న బెజ్జం. ప్రతి పడవకీ ఒకటి. ఎవరు ఏమివ్వబోయినా తీసుకోలేదు. ఇంటింటికీ పోయి పిల్లకాయలకి పాఠం చెప్పినట్టు చెప్పినాడంట. "ఆపదొస్తే ఎండని దీంట్లో పట్టి వాళ్ళ కళ్ళల్లో కొట్టండి. తువ్వాలు ఊపబాకండి. ఆపకుండా కొట్టండి. అది తలూపినా ఆపబాకండి. పోయినా కొట్టండి." తలూపినా ఆపబాకండి! ఆ మాట విన్నప్పుడన్నా నాకు తట్టి ఉండాల్సింది.

మా ఇంటికి కూడా వచ్చినాడు. గుమ్మం దాటలేదు. పళ్ళెం అరుగు మీద పెట్టి, "పాపా" అన్నాడు. నేను లోపల్నించి రాలేదు. ఆయన పోయినాక తీసి కోళ్ళ గంప మీద పారేసినాను. ఏ గాలికీ లేవని బరువు, మూతకి సరిగ్గా సరిపోయింది. ఏడేళ్ళు మా కోళ్ళు ఆ నారింజ రంగు కింద పడుకున్నాయి.

పోయిన నెలలో బీబమ్మ, సాయిబు పెళ్ళాం, సంతలో నన్ను వెతుక్కుంటా వచ్చింది. "ఊపిరితిత్తులు పోయినాయంటమ్మా. ఇన్నేళ్ళ పొగ. నిన్నొకసారి చూడాలంటా ఉండాడు" అనింది. రాత్రంతా ఆలోచించినాను. కోపానికి కూడా వయసొస్తుంది గదా. ఆయనేం చేసినాడు? ఒకటి బాగుందన్నాడు. బాగున్నదాన్ని బాగుందనడం కూడా తప్పేనా? ఆ రోజు నేనన్న మాట వెనక్కి తీసుకుందామని వంజరం పులుసు వండుకోని బస్సెక్కినాను. దారి పొడుగునా ఏమనాల్నో నోట్లో అనుకుంటానే ఉండాను.

మంచం మీద ఎముకల మూట. నన్ను చూసి లేవబోయినాడు, చాతకాలేదు. బీబమ్మ టీ పెట్టడానికి లోపలికి పోయింది.

"సాయిబన్నా, ఆ రోజు తమ్ముడు పోయిన మంటలో నోటికొచ్చింది అనేసినాను. నీ తప్పేముంది? అది తలూపింది, వాళ్ళు నమ్మినారు. మధ్యలో నువ్వేం చేస్తావు? ఆ మాట నేను…"

"అది తలూపలేదు పాపా."

"ఏంది?"

దుప్పట్లో నించి చెయ్యి బయటికి తీసినాడు. బల్లపరుపుగా పెట్టి, వేళ్ళు కిందకి వంచి, ముందుకి జరిపినాడు. ఎన్ని వందల సార్లు చూసినాను ఆ చేతిని.

"హెలికాప్టరు ఎప్పుడూ తలూపదు. నిలబడిన చోటి నించి ముందుకి పోవాలంటే ముక్కు దించాల. దించితేనే కదులుద్ది. కింద మనుషులు ఉండారా, తువ్వాలు తిప్పుతా ఉండారా, దానికి సంబంధం లేదు. ఖాళీ సంద్రం మీదైనా అట్టనే దించుద్ది. అది పలకరింపు కాదు. పోతా ఉండానని అర్థం. అంతే."

పులుసు గిన్నె ఒళ్ళో సర్దుకున్నాను. "మరి ఆ రోజు మావాళ్ళని చూసినట్టా, చూడనట్టా?"

"తెలీదు. చూసుంటే ఎవర్నో ఒకర్ని సాయానికి పిలవకుండా పోరు. చూడలేదేమో. ఎండ కళ్ళల్లో పడిందేమో. నాకు తెలీదు పాపా. ఇన్నాళ్ళూ తెలిసినట్టు మాట్లాడినాను."

"నీకు ఇదెప్పుడు తెలిసింది?"

ఆయన కళ్ళు మూసుకున్నాడు. దగ్గొచ్చింది. తగ్గేదాకా ఆగినాను. అప్పుడే నాకు భయం మొదలయ్యింది.

"కావలి నించి ఒకాయన వచ్చినాడు, గరాటు చేయించుకోడానికి. వయసులో విమానాల కాడ మెకానిక్కు పని చేసినాడంట. మనం తువ్వాళ్ళు తిప్పేది చూసి నవ్వి, ఆయన చెప్పినాడు."

"ఎప్పుడు?"

"మీ తమ్ముడి పెళ్ళికి ముందు."

పెళ్ళికి ముందు! అక్షింతలేసి పోయిందన్నప్పుడు ఈయనకి తెలుసు. పాళెమంతా ఈలలేసినప్పుడు తెలుసు. నేను తెచ్చిన పులుసు గిన్నె ఇంకా నా ఒళ్ళోనే ఉండాది, ఆ వేడి తొడలకి తగులుతానే ఉండాది.

"తెలిసీ చెప్పలేదా? నీకు నోరెట్టొచ్చింది సాయిబన్నా?"

"మర్నాడే చెప్దామనుకున్నాను" అన్నాడు. "రేకు వణికింది. బయటికి పోయినాను. అది ముక్కు దించింది. ఎందుకు దించిందో నాకు తెలుసు. తెలిసినా కూడా, నన్ను పలకరించినట్టే ఉండింది పాపా. అంత బాగుండింది. వెనక్కి తిరిగి మీ అందరి మొహాలు చూసినాను. అది మిమ్మల్ని చూడ్డం లేదని ఎట్ట చెప్పేది?"

"ఒక్క మాట చెప్పుంటే…"

"వాళ్ళు ఆ పెద్ద బోటుని పిలిచుండేవాళ్ళు" అని ఆయనే పూర్తి చేసినాడు. "అందుకే నిన్ను పిలిపించినాను. నువ్వా మాట వెనక్కి తీసుకోబాక. సరైన మనిషినే అన్నావు."

నేను లేచినాను. బీబమ్మ టీ గ్లాసులతో ఎదురొచ్చింది. "తాగి పోమ్మా" అంటా ఉన్నా వినకుండా వచ్చేసినాను. క్షమించడానికి పోయిన దాన్ని, క్షమించలేక వచ్చినాను. అడగని నిజం చెప్పి తన బరువు తీసి నా నెత్తిన పెట్టినాడు. బస్సులో ఏడుపొచ్చింది. తమ్ముడి కోసమో, ఆయన కోసమో చెప్పలేను.

సరే, పాళేనికొచ్చి అందరికీ చెప్పేస్తానా? చెప్పలేకపోయినాను. పోలయ్య ఉండాడు గదా. ఏడేళ్ళుగా వాడు ఒక్క మాట పట్టుకోని బతుకుతా ఉండాడు. "చూసినారక్కా, మనకి తలూపింది నా కళ్ళతో చూసినా. బోటు పంపించే ఉంటారు, ఆలస్యమైపోయింది, అంతే." ప్రతి ఏడూ తమ్ముడి తిథినాడు వచ్చి ఈ మాటే చెప్పి, అన్నం తిని పోతాడు. ఆ మాట కూడా లాగేస్తే వాడికేం మిగిలుద్ది? నెల రోజులు నోరు తెరుస్తా మూస్తా గడిపినాను. సాయిబు అన్నేళ్ళు ఎట్ట మూసుకున్నాడో అప్పుడర్థమైంది. అర్థమైందని కోపం తగ్గలేదు, ఇంకా ఎక్కువైంది.

కబురొచ్చినాక మూత తీసి చింతపండేసి తోమినాను. మెరుగు పక్క ఇంకా చెడలేదు, నా మొహం కనిపించింది. మా ఆయనకిచ్చి పడవలో కట్టమన్నాను.

ఖబరస్తాను మాత్రం మా పాళేనికి దగ్గరే, కాలవ కట్ట పక్కన, సరుగుడు తోపు దాటినాక ఉంటుంది. మగోళ్ళు జనాజా మోసుకోని లోపలికి పోయినారు. మా పాళెం ఆడోళ్ళం కట్ట మీద నిలబడినాం. పోలయ్య కాసేపు భుజం పట్టి, వచ్చి నా పక్కన నిలబడినాడు. మట్టేసే చప్పుడు వినపడతా ఉండాది. అప్పుడు వచ్చింది.

చందువా. అది ఈ మధ్య అసలు కనపడ్డం లేదు, అన్నీ కప్పచేపలే. తోపు పైనించి వచ్చి మొగ మీద నిలబడింది. ఏం వెతుకుతా ఉందో. మధ్యాన్నం ఎండ దాని తోక మొదట్లో పడింది. అటూ వంగింది, ఇటూ వంగింది, ఒక్క ముడత లేదు. ఏడేళ్ళ తర్వాత తలెత్తి చూసినాను. ఛీ, ఎంత బాగుందో పాడుది. అందరూ దురాయి గుర్తుంచుకోని చేతులు కట్టుకోనుండారు.

నిదానంగా ముక్కు దించింది. ముందుకి కదిలింది.

"అక్కా!" అన్నాడు పోలయ్య. "తలూపిందక్కా. సాయిబుకి సలాం చెప్పి పోతా ఉంది."

వాడి మొహం చూస్తే చెప్పలేనని, పైకి చూస్తానే అన్నాను. "తలూపలేదురా. ముక్కు దించకపోతే అది కదల్లేదు. ఎప్పుడూ అంతే. సాయిబే చెప్పినాడు."

"ఎప్పుడూ అంటే… ఆ పొద్దు కూడానా?"

"ఆ పొద్దు కూడా."

వాడు ఏడుస్తాడనుకున్నాను. ఏడవలేదు. నా మొహం కూడా చూడలేదు. నా నెత్తికి పైన ఎక్కడో చూస్తా ఉండాడు.

"మరి నువ్వెందుకక్కా చెయ్యెత్తినావు?"

తిరిగి చూసుకుంటే, నిజమే. పైట కొంగు గుప్పెట్లో పట్టుకోని, నా కుడి చెయ్యి ఇంకా పైనే ఉండాది.